మేస్త్రీ: నడుమ నిలబడ్డ మనిషి
(భోగాపురంలో సంక్షేమ సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు మా పేరు ఎదుట ‘విద్య యొక్క ఆవశ్యకత’ అని ఆహ్వానపత్రంలో అచ్చు వేయించారు. ప్రతి ఏడూ ఎవరో ఒకరు ఆ విషయం మీదనే మాట్లాడుతున్నారు, ప్రతి ఏడూ మనం చప్పట్లు కొట్టి బిర్యానీ తిని ఇంటికి పోతున్నాం. ఈ ఒక్కసారికి మన్నించవలసిందిగా మనవి. ఈ ఏడు మేము మేస్త్రీని గురించి మాట్లాడదలచి వచ్చాము. సూపర్వైజరనండి, ఫోర్మననండి, మేటనండి, అంతా ఒకటే. పనిచేసేవారికి పైన, చేయించేవారికి క్రింద, ఆ నడుమ నిలబడినవాడు.

ఈ విషయం ఎందుకు పట్టుకొన్నామంటే, మన చుట్టుప్రక్కల పని మారింది. సముద్రపు ఒడ్డున రొయ్యపిల్లల హేచరీలు వచ్చాయి. జాతీయ రహదారికి రెండు ప్రక్కలా కట్టడాలు లేచాయి. 2023 మే 3న విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగింది (2019 ఫిబ్రవరి 14న కూడ ఒకసారి జరిగింది లెండి). వీటన్నిటిలో మన పిల్లలు కూలీలుగా చేరారు. చేరినవాళ్ళలో చురుకైనవాళ్ళు నాలుగైదేళ్ళకు సూపర్వైజర్లు అవుతున్నారు. ఇంటిలో మిఠాయి పంచుతారు. సంతోషమే. కాని ఆ తరువాత వాళ్ళకు ఏమవుతున్నదో మనం అడగటం లేదు.

ఒక అబ్బాయి సంగతి చెబుతాము. పేరు చెప్పము, చెప్పటానికి అతని అనుమతి మాత్రం తీసుకొన్నాము. మా దగ్గర అయిదో తరగతి దాకా చదివాడు. చదువు అంతగా అబ్బలేదు, చేతిపని అబ్బింది. రాడ్ బెండింగులో చేరి, డ్రాయింగు చూసి ఇనుము లెక్క కట్టే స్థితికి వచ్చాడు. అది గమనించి ఒక కాంట్రాక్టరు శనివారం బట్వాడా అయ్యాక ‘సోమవారం నుంచి నువ్వు సూపర్వైజరువి’ అన్నాడట. పచ్చ హెల్మెట్టు తీసుకొని తెల్ల హెల్మెట్టు ఇచ్చాడు. అదే నియామకం, అదే ట్రైనింగు. ఇరవైమంది మనుషులు చేతి క్రిందికి వచ్చారు. వాళ్ళలో నిన్నటిదాకా ప్రక్కన కూర్చొని టీ త్రాగినవాళ్ళున్నారు. చాచా వరసయ్యే ఒక పెద్దమనిషి కూడ ఉన్నారు.

పని ఒక భవనం శ్లాబు. అయిదు మీటర్ల పైచిలుకు విశాలమైన గది. శ్లాబు పోసి ఎనిమిది రోజులైంది. ఇంకొక వారం ప్రాపులు కదపవద్దని సైటు ఇంజనీరు చెప్పి పట్నం పోయాడు. ఆయన చెప్పింది సరైన మాటే. మన దేశపు కాంక్రీటు నియమావళి ప్రకారం నాలుగున్నర మీటర్లు దాటిన శ్లాబు క్రింద ప్రాపులు మామూలుగా 14 రోజులు ఉంచాలి, దానికి లోపు అయితే 7 రోజులు చాలు. కాని కాంట్రాక్టరుకు ఆ సెంట్రింగు సామాను వేరొక చోట కావలసి వచ్చింది. ఫోను చేసి విప్పేయమన్నాడు. అబ్బాయి ఇంజనీరుకు ఫోను చేశాడు, ఎత్తలేదు. సామాను కోసం లారీ వచ్చి నిలబడింది. విప్పించాడు. విప్పుతూండగా శ్లాబు క్రుంగి, ఒక మూల పెచ్చు విరిగి, ఆ చాచా కాలిమీదనే పడింది. తుంటి దగ్గర ఎముక విరిగింది.

‘నేను వద్దన్నాను గదా’ అన్నాడు ఇంజనీరు. ‘సైటులో ఉన్నది వాడు, చూసుకోవద్దా’ అన్నాడు కాంట్రాక్టరు. ‘మనవాడే గదా, ఒక్కమాట అడ్డం చెప్పలేకపోయాడా’ అన్నారు కూలీలు. ముగ్గురూ అన్నది నిజమే, చిక్కంతా అక్కడనే ఉన్నది.

ఆ శుక్రవారం జుమా తరువాత మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చొని ఆ అబ్బాయి అన్న మాట ఇది. “సార్, పని ఆపీమని సెప్పడానికి నాకేటి అధికారం ఉంది? ఆపితే పనోడు నవ్వుతాడు, ఆపకపోతే పనోడు పడతాడు.” మా దగ్గర జవాబు లేదు. ఇరవై ఏళ్ళ పైన పిల్లలకు పాఠాలు చెప్పి, ఒక పిల్లవాడు అడిగిన ప్రశ్నకు నోరు తెరవలేకపోయాము. పట్నం నుంచి మేనేజిమెంటు పుస్తకాలు తెప్పించి చదవటం అప్పుడు మొదలుపెట్టాము. ఈ ఉపన్యాసం ఆ చదువు ఫలితమే. మేము ఆ శాస్త్రంలో పండితులం కాము.

ఉర్దూ పంతుళ్ళం గనుక ముందు మాటల దగ్గర ఆగుతాము. సర్దార్ అంటే తలగా ఉన్నవాడు. ముకద్దం అంటే ముందు నిలబెట్టబడినవాడు. నిగ్రాన్ అంటే చూపు నిలిపి చూచేవాడు. సూపర్వైజర్ అనే మాటకూ లాటిన్లో పైనుంచి చూచేవాడనే అర్థం. ఇక మన మేస్త్రీ పోర్చుగీసువారి ‘మెస్త్రె’ నుంచి వచ్చింది. దానికి గురువు, పని నేర్చినవాడు అని అర్థం. మనం బళ్ళో పిలిచే మాస్టారు కూడ అదే లాటిన్ మూలం నుంచి ఇంగ్లీషు దారిన వచ్చినవాడు. అనగా మేస్త్రీ, మాస్టారు ఒక తల్లి బిడ్డలు. ఒకడు తట్ట పట్టించాడు, ఒకడు పలక పట్టించాడు.

కాని మన జిల్లాలలో మేస్త్రీ అనే మాట వినగానే ముసలివాళ్ళకు గురువు గుర్తు రాడు, రంగం గుర్తుకు వస్తుంది. 19వ శతాబ్దం చివరి నుంచి గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల జనం వేలాదిగా స్టీమర్లెక్కి రంగూన్ పోయారు. మనకు కూతవేటు దూరంలోని భీమునిపట్నం, ఆ పైన కళింగపట్నం, ఈ ఓడలు ఆగిన రేవులే. అక్కడ రేవులో మూటలు మోసినవారు, బియ్యపు మిల్లులలో పనిచేసినవారు ఎక్కువ భాగం మన తెలుగువారు. కోరంగి రేవు పేరు మీద బర్మావాళ్ళు వారిని కోరంగీలనేవారు. ఈ జనాన్ని తీసుకుపోయినవాడు మేస్త్రీ. ఊళ్ళో బయానా ఇచ్చేవాడు, ఓడ చార్జీ పెట్టేవాడు, ఆ అప్పు తీరేదాకా మనిషి అతనివాడు. అక్కడ ఒక మేస్త్రీ కాదు, మెట్లు మెట్లుగా ఉండేవారు. కంపెనీ ఇచ్చిన కూలి ఒక్కొక్క చేతిలో కొంత కొంత తరిగి, చివరకు మూట మోసినవానికి చేరేది. 1930 మే నెలలో రంగూన్ రేవులో కూలి పెంపు కోసం సమ్మె జరిగి, తెలుగు కూలీల స్థానంలో బర్మావారిని పెట్టి, మరల తీసివేయటంతో కొట్లాటలు చెలరేగి మనవారు ఎందరో చనిపోయారు.

ఆ కాలంలోనే, 1929లో నియమింపబడిన రాయల్ కమిషన్ దేశమంతటి కార్మికుల స్థితి విచారించి 1931లో నివేదిక ఇచ్చింది. బొంబాయి మిల్లులలో జాబర్, కలకత్తా జూట్ మిల్లులలో సర్దార్, బర్మాలో మేస్త్రీ, పేరేదైనా ఒకే మనిషి. పనిలో పెట్టేది అతడే, తీసేది అతడే, అప్పు ఇచ్చేది అతడే, లంచం తినేది అతడే. పనిలో పెట్టే అధికారం, తీసే అధికారం అతని చేతినుంచి తీసివేసి, అందుకు వేరే లేబర్ ఆఫీసర్లను పెట్టవలెనని కమిషన్ సిఫారసు చేసింది. మంచి సిఫారసే. అయితే ఆనాటి మేస్త్రీకి అధికారం మితిమీరి ఉండేది, ఈనాటి మన అబ్బాయికి అసలు లేదు. ఈ రెండు కొసల మధ్య సరైన చోటు ఏది అనేదే ప్రశ్న.

ఇప్పుడు పుస్తకాలలోకి వస్తాము. మేనేజిమెంటు శాస్త్రానికి పితామహుడని పేరుపడ్డ ఫ్రెడరిక్ టేలర్ అమెరికావాడు, 1856లో పుట్టాడు. ఇతడు కలిగిన ఇంటి బిడ్డయినా, 1878లో ఫిలడెల్ఫియాలోని మిడ్వేల్ ఉక్కు కంపెనీలో మామూలు కూలీగా చేరాడు. తరువాత గ్యాంగ్ బాస్ అయ్యాడు, అంటే మేస్త్రీ. అయిన మరునాటి నుంచి నిన్నటి నేస్తాలతో ఉత్పత్తి కోసం తగవు. రెండు మూడేళ్ళు సాగిందట. గెలిచాడు గాని, రోజంతా ఏ పనివాని ముఖం చూసినా పగ తప్ప మరేమీ కనబడని బ్రతుకు ఎంత రోతగా ఉండేదో 1912లో అమెరికా చట్టసభ సంఘం ఎదుట తానే చెప్పుకొన్నాడు. అనగా ఈ శాస్త్రమంతా ఒక కుర్ర మేస్త్రీ కడుపుమంటలోంచి పుట్టింది. ఇది చదివినప్పుడు మా అరుగుమీద కూర్చున్న అబ్బాయి ముఖం గుర్తుకొచ్చింది.

టేలర్ చెప్పినదేమంటే, పనిని గడియారం పెట్టి కొలవండి, మంచి పద్ధతి కనిపెట్టండి, అది పనివానికి నేర్పండి. ఒక్క ఫోర్మన్ అన్నీ చూడలేడు గనుక ఆ ఒక్కని పనిని ఎనిమిదిమందికి పంచండి, నలుగురు ప్రణాళిక గదిలో, నలుగురు పనిస్థలంలో. నేర్పమన్న మాట బంగారం. కాని బెత్లెహాం కంపెనీలో ఇనుప దిమ్మెలు మోసేవానిచేత రోజుకు 12.5 టన్నులకు బదులు 47.5 టన్నులు మోయించి, కూలి 1.15 డాలర్ల నుంచి 1.85 డాలర్లకు పెంచామని గొప్పగా వ్రాసుకొన్నాడు. మోత దాదాపు నాలుగింతలు, కూలి అరవై శాతం ఎక్కువ. ఈ లెక్క మా నాలుగో తరగతి పిల్లలు కూడ ఒప్పుకోరు.

మా అబ్బాయి ప్రశ్నకు దగ్గరగా వచ్చినవాడు ఫ్రాన్సు దేశస్థుడు హెన్రీ ఫేయోల్. 1860లో పందొమ్మిదేళ్ళకే బొగ్గుగనిలో ఇంజనీరుగా చేరి, 1888 నుంచి 1918 దాకా ఆ కంపెనీని నడిపినవాడు. 1916లో అచ్చయిన తన గ్రంథంలో పధ్నాలుగు సూత్రాలు చెప్పాడు. మనకు రెండు చాలు. ఒకటి, బాధ్యత ఉన్నచోట అధికారం ఉండాలి. రెండు, ఒక మనిషికి ఒక పనిలో ఒక్కరే ఆజ్ఞ ఇవ్వాలి. మా అబ్బాయికి శ్లాబు బాధ్యత ఉంది, లారీని వెనుకకు పంపే అధికారం లేదు. ఇంజనీరు ఒకటి చెప్పాడు, కాంట్రాక్టరు ఒకటి చెప్పాడు. నూరేళ్ళ క్రితం ఒక గని ఇంజనీరు కూడదని వ్రాసిన రెండు తప్పులూ మన హైవే ప్రక్కన ఒకే ఉదయం జరిగాయి.

ఇదే ఫేయోల్ తన అంచనాతో ఒక పట్టీ వేశాడు. పనివానికి కావలసిన సామర్థ్యంలో నూటికి 85 పాళ్ళు చేతిపని, 5 పాళ్ళు నిర్వహణ. ఫోర్మన్‌కు వచ్చేసరికి చేతిపని 60, నిర్వహణ 15. అంకెలు అలా ఉంచండి. మనవాళ్ళు చేతిపని బాగా వచ్చినవాణ్ణి చూసి మేస్త్రీని చేస్తారు, ఆ పెరిగిన పాళ్ళు ఎవరు నేర్పాలో మాత్రం ఎవరూ చెప్పరు. తెల్ల హెల్మెట్టులో అవి ఉంటాయని అనుకుంటారు కాబోలు.

ఇతరులను అంటున్నాము గదా, మా సంగతీ చెప్పుకోవాలి. బడిలో మేము కూడ ఒక విధంగా మేస్త్రీలమే. పైన ఆఫీసు, క్రింద ఆయమ్మ. మాకు ఇన్‌చార్జి ఇచ్చిన మొదటి వారంలో మధ్యాహ్న భోజనం ఆలస్యమైంది. పిల్లలందరి ముందూ వంట ఆయమ్మ మీద కేకలు వేశాము. ఆవిడ ఒక్క మాట అనలేదు. తరువాత తెలిసింది, మూడు నెలలుగా బిల్లు రాక, కిరాణా కొట్టులో అప్పు పెట్టి పప్పు తెస్తున్నది, ఆ రోజు కొట్టువాడు ఇవ్వనన్నాడు. మేము పైకి వ్రాయవలసిన ఉత్తరం వ్రాయలేదు, క్రిందికి వేయకూడని కేక వేశాము. నిగ్రాన్ అంటే చూచేవాడని ఇందాక పెద్దగా అర్థం చెప్పాము గదా, మేము చూచినది గడియారాన్ని మాత్రమే.

ఎల్టన్ మేయో పేరుతో ప్రసిద్ధమైన హాథార్న్ పరిశోధనలు ఈ సంగతి మీదనే. షికాగో దగ్గర ఒక టెలిఫోను సామానుల ఫ్యాక్టరీలో 1924 నుంచి 1932 దాకా జరిగాయి. మొదట దీపం వెలుతురు పెంచితే పని పెరుగుతుందా అని చూశారు, ఏమీ తేలలేదు. తరువాత అయిదుగురు ఆడపిల్లలను వేరే గదిలో కూర్చోబెట్టి, గద్దించే మేస్త్రీకి బదులు అడిగి తెలుసుకొనే మనిషిని పెట్టారు. పని పెరిగింది. కారణం ఏమిటని పండితులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. ఆ తరువాత ఇరవై వేలకు పైగా పనివారిని కూర్చోబెట్టి వారు చెప్పేది విన్నారు. మాకు అన్నిటికంటె నచ్చింది చివరి గది. పధ్నాలుగుమంది మగవాళ్ళు, తమలో తాము రోజుకు ఇంత పనే అని గీత గీసుకొన్నారు, దాటినవాణ్ణి వెక్కిరించేవారు. వాళ్ళ మేస్త్రీకి ఇదంతా తెలుసు, పైకి చెప్పలేదు. చెబితే రేపటినుంచి వాళ్ళ నడుమ బ్రతకలేడు. చూచీ చూడనట్టు ఉండటం కూడ నడుమ నిలబడినవాని ఉద్యోగంలో భాగమేనని కంపెనీ దొరలకు అప్పుడు తెలిసింది. మన ఊళ్ళో ఏ మేటును అడిగినా కాణీ ఖర్చు లేకుండా చెప్పేది.

చట్టం చూపులో కూడ ఇతడు నడుమనే ఉన్నాడు. కార్మిక చట్టంలో పర్యవేక్షణ చేసేవాని జీతం ఒక గీత దాటితే అతడు కార్మికుడు కాడు. ఆ గీత ఒకప్పుడు నెలకు 500 రూపాయలు, 2010 సవరణతో 10,000, 2020 నాటి కోడ్‌లో 18,000. గీత దాటినవాడు కార్మికుడు కాదు, యజమాని అసలే కాదు. ఆఫీసులో కుర్చీ కూడ లేదు.

మరి నేర్పటం సాధ్యమా? సాధ్యమే. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలో పాత పనివాళ్ళు సైన్యానికి పోయి, కొత్తవాళ్ళు, స్త్రీలు ఫ్యాక్టరీలకు వచ్చినప్పుడు, అక్కడి ప్రభుత్వం మేస్త్రీల కోసం చిన్న చిన్న కోర్సులు నడిపింది. ఒక్కొక్కటి పది గంటలు, రోజుకు రెండేసి గంటలు. పని నేర్పటం ఎలా, మనుషులతో మెలగటం ఎలా, పని పద్ధతి బాగుచేయటం ఎలా అని. 1945 నాటికి పదహారు లక్షలకు పైగా మనుషులు ఇవి నేర్చుకొన్నారు. మొదటి పాఠంలో విద్యుత్తు తీగకు వేసే ఒక ముడి ఉంటుంది. పంతులు ముందు ఆ ముడి ఎలా వేయాలో నోటితో చెబుతాడు, ఎవరికీ రాదు. తరువాత మాట్లాడకుండా వేసి చూపుతాడు, అప్పుడూ రాదు. ఆ తరువాత ఒక్కొక్క మెట్టు చూపుతూ, చెబుతూ, ఎందుకో వివరిస్తూ, ఎదుటివానిచేత వేయించి, వేస్తూ చెప్పమంటాడు. అప్పుడు వస్తుంది. మేము శిక్షణా కళాశాలలో ఏడాది కూర్చొని నేర్చినది ఇంతకంటె ఎక్కువేమీ కాదు.

ఈ కోర్సులు యుద్ధం తరువాత జపాను చేరాయి. ఆ దేశపు టయోటా కారు ఫ్యాక్టరీలో పనివాని తలపైన ఒక త్రాడు వేలాడుతుంది. తప్పు కనబడితే లాగుతాడు, దీపం వెలుగుతుంది, మొదటి మెట్టు మేస్త్రీ పరుగున వస్తాడు. అక్కడికక్కడ సరిచేయలేకపోతే లైను మొత్తం ఆగుతుంది. లాగినవాణ్ణి తిట్టరు. మా అబ్బాయి అడిగిన అధికారం ఈ త్రాడే. అతని చేతికి అందేటట్టు ఎవరూ కట్టలేదు.

కాంట్రాక్టర్ల చేత ఆ త్రాడు కట్టించటం మన సంఘం వల్ల ఒక్క రోజులో అయ్యే పని కాదు. మేస్త్రీ అయిన తరువాత మొదటి సోమవారం ఏం చేయాలో మాత్రం మనం నేర్పవచ్చు. ఇద్దరు రెండు రకాలుగా చెబితే ఇద్దరికీ ఒకే ఫోను సందేశం వ్రాసి పెట్టాలని, తేదీ వేసిన చిన్న డైరీ జేబులో ఉండాలని, చాచా వరస మనిషికి పని చెప్పేటప్పుడు నలుగురిలో కాక పక్కకు పిలిచి చెప్పాలని, ఇవన్నీ పదిగంటల పాఠమే. స్కాలర్‌షిప్పులకు, టైలరింగు మిషన్లకు డబ్బు ఇస్తున్నాము, ఇవ్వాలి. దానితోపాటు నెలకు రెండు ఆదివారాలు ఈ హాలు సాయంత్రం తెరచి ఉంచమని కమిటీవారిని అడుగుతున్నాము. మన పిల్లలకే కాదు, ఏ ఇంటి పిల్లలైనా రావచ్చు. ఆ శ్లాబు క్రింద అన్ని ఇళ్ళవాళ్ళూ పనిచేశారు. చదువు లేదని మొగమాట పడవద్దు, వ్రాత మేము చూసుకుంటాము.

కొందరు పెద్దలు ‘వాడి వల్లనే గదా కాలు విరిగింది, వాడిని ఎందుకు ముందుకు తెస్తున్నారు’ అని మమ్మల్ని ఇప్పటికే అడిగారు. మేము పోయి చాచానే అడిగాము. ఆయన మంచం మీదనుంచి లేచి చేతికర్ర వెదుక్కుంటూ, “వాడికి నేర్పి ఉంటే వాడు నాకు చెప్పేవాడు గదా” అన్నారు.

మొదటి తరగతి వచ్చే నెల మొదటి ఆదివారం అసర్ తరువాత. మొదటి పాఠం మేము చెప్పటం లేదు, ఆ అబ్బాయే చెబుతానన్నాడు. ఎంత వెడల్పు గదికి ఎన్ని రోజులు ప్రాపులు ఉంచాలి, తీసేటప్పుడు ఏ వరస నుంచి తీయాలి, లారీ వచ్చి నిలబడితే ఏమనాలి. బోర్డు, సుద్దముక్కలు మేము తెస్తాము. చాచా కూడ వస్తారట. క్రింద కూర్చోలేరు గనుక చేతులున్న కుర్చీ ఒకటి వేయించమని కార్యదర్శిగారికి మనవి.